సీటు వెనుక ఉన్న పెట్రోలు ట్యాంకును తొట్టి కిందకు మార్చాలంటే

మీరు అడిగింది ఇది: డాలస్ దగ్గర ఉంటున్నారు. 1971 నాటి షెవర్లే సీ10 పికప్ కొన్నారు. వెనుక సామాను వేసే తొట్టి పొట్టిది, 350 వీ8 ఇంజను, కార్బురేటరు. పెట్రోలు ట్యాంకు క్యాబులోనే, అంటే డ్రైవరు కూర్చునే గదిలోనే, సీటు వెనుక ఉంది. ఎండలో నిలబెట్టి తలుపు తీస్తే గుప్పుమని పెట్రోలు వాసన. అబ్బాయిని ఆ బండి ఎక్కనివ్వనని మీ ఆవిడ గట్టిగా చెప్పారు. ట్యాంకును తొట్టి కిందకు మార్చవచ్చా, మారిస్తే ఎక్కడ, ఎలా అన్నది మీ సందేహం.

మార్చవచ్చు. ఇరవై ఏళ్లుగా నేను టెక్సస్‌లో పాత బండ్ల పని చేస్తున్నాను. అంతకుముందు విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి షెడ్డులో లారీల కింద పడుకొని పని నేర్చుకున్నాను. 1967 నుంచి 1972 వరకు వచ్చిన ఈ తరం షెవర్లేలకే ఈ మార్పు పదకొండు బండ్లకు చేశాను. మొదటి రెండింటిలో చేసిన తప్పులు మీ బండిలో జరగకూడదని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందుగా, మీ ఆవిడ చెప్పింది సరైన మాట. వాసన ఆగేవరకు పిల్లవాణ్ణి ఎక్కించకండి. ట్యాంకు మార్చడానికి మీకు రెండు మూడు నెలలు పట్టవచ్చు, అంతవరకు ఆ వాసనతో తిరగడం మంచిది కాదు. సీటు ముందుకు వంచి టార్చిలైటుతో చూడండి. క్యాబు మూలనున్న మూత నుంచి ట్యాంకుకు వచ్చే పొట్టి రబ్బరు గొట్టం, గాలి గొట్టం, ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని మీటరుకు తెలిపే ఫ్లోటు సెండరు కింద ఉండే రబ్బరు వాషరు, ఈ మూడే సాధారణంగా దోషులు. యాభై ఏళ్ల రబ్బరు ఎండిన తాటాకులా పగులుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పది శాతం ఇథనాలు కలిసిన పెట్రోలుకు ఆ కాలపు రబ్బరు అసలే తట్టుకోదు. మూడూ మార్చితే చాలా బండ్లలో వాసన పోతుంది. అది పోయాక కూడా ట్యాంకు మార్చాలా అన్నది మీరు నిదానంగా ఆలోచించుకోవచ్చు. నా అభిప్రాయం మాత్రం మార్చమనే. కారణం చెబుతాను.

ఆ రోజుల్లో సీటు వెనుక ట్యాంకు వింత కాదు. ఫోర్డు పికప్‌లలోనూ అక్కడే ఉండేది. మన వైపు విల్లీస్ జీపులో డ్రైవరు కూర్చునేదే ట్యాంకు మీద. గుద్దుళ్ల మాట వరకే చూస్తే మీ ట్యాంకు ఉన్న చోటు మరీ చెడ్డదేమీ కాదు. వెనుక బంపరుకు దూరంగా, ఫ్రేముకు ఎత్తులో ఉంటుంది. ఇబ్బంది అంతా అది కారినప్పుడే. 76 లీటర్ల పెట్రోలుకూ మీ వెన్నుకూ మధ్య సీటు దూది తప్ప గోడ లేదు. ప్రమాదంలో తలుపులు బిగుసుకుపోతే ఆ కారే పెట్రోలు మీతోపాటే లోపల ఉంటుంది. అందుకే మార్చమంటాను. అయితే ఎక్కడికో ఒకచోటికి మారిస్తే చాలదు. తప్పు చోటికి మార్చడం కంటే ఉన్నచోట ఉంచడమే మేలు. ఈ సంగతి కంపెనీల చరిత్రే చెబుతోంది.

జనరల్ మోటార్స్ 1973లో కొత్త తరం పికప్ తెచ్చినప్పుడు ట్యాంకును క్యాబులోంచి తీసి ఫ్రేము పట్టీలకు, అంటే బండి పొడవునా సాగే రెండు ఉక్కు దూలాలకు, బయట బండి పక్కన వేలాడదీసింది. పక్క నుంచి మరో బండి గుద్దితే ఆ ట్యాంకుకు అడ్డం పలుచని తొట్టి రేకు తప్ప ఏమీ లేదు. 1987 వరకు అలాగే తయారయ్యాయి. 1992లో వినియోగదారుల సంఘాలు ఆ బండ్లను వెనక్కి పిలిపించాలని ప్రభుత్వాన్ని కోరాయి. 1994 చివరకు వెనక్కి పిలవకుండానే, భద్రతా కార్యక్రమాలకు కంపెనీ 5 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చేలా ఒప్పందంతో ఆ వ్యవహారం ముగిసింది. కాబట్టి పక్కల పెట్టే ట్యాంకు ఎంత చవగ్గా దొరికినా, ఎంత సులువుగా బిగుస్తుందని ఎవరు చెప్పినా మీరు దాని జోలికి పోవద్దు.

రెండో ఉదాహరణ ఫోర్డు పింటో అనే చిన్న కారు. దాని ట్యాంకు వెనుక ఇరుసుకూ బంపరుకూ మధ్య ఉండేది. వెనుక నుంచి గుద్దితే ట్యాంకు ముందుకు జరిగి, ఇరుసు మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ బోల్టుల మీద పడి చిల్లులు పడేది, పెట్రోలు పోసే గొట్టం ట్యాంకులోంచి ఊడి వచ్చేది. 1978లో దాదాపు 15 లక్షల బండ్లను వెనక్కి పిలిచి చేసిన మరమ్మతు చాలా చిన్నది: ట్యాంకుకూ డిఫరెన్షియల్‌కూ మధ్య ఒక ప్లాస్టిక్ కవచం, ఊడిరాకుండా ఇంకా పొడుగైన గొట్టం, మంచి సీలు. ఈ మూడూ గుర్తుంచుకోండి, ఎందుకంటే మీ బండిలో మనకు దొరికే చోటు కూడా ఇరుసు వెనుకే.

నిజానికి ఇరుసుకు ముందు, రెండు ఫ్రేము పట్టీల మధ్య పెట్టగలిగితే అన్నిటికన్నా మంచిది. సీ10లో అక్కడ ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక కాయిల్ స్ప్రింగుల బండ్లలో ఉండే ఇరుసును ఫ్రేముకు పట్టి ఉంచే పొడుగాటి ట్రెయిలింగ్ ఆర్ములు, సైలెన్సర్లు చోటంతా ఆక్రమించి ఉంటాయి. ఇరికించి పెట్టినవాళ్లను చూశాను, వేడికి భయపడుతూనే బండి నడిపేవారు. అందుకని దాదాపు అందరం ఇరుసు వెనుక, స్పేరు టైరు వేలాడే చోట, పట్టీల మధ్య పెడతాం. రెండు పక్కలా ఫ్రేము పట్టీలే కాపలా. స్పేరు టైరుకు వేరే చోటు మీరే చూసుకోవాలి.

వెనుక నుంచి కాపలా మాత్రం మీరు కట్టాలి. కొందరు అందం కోసం వెనుక బంపరు తీసేసి నున్నటి రేకు అతికిస్తారు. ట్యాంకు అక్కడికి మార్చాక ఆ పని దయచేసి చేయకండి. అసలు బంపరును దాని ఫ్రేము బ్రాకెట్లతో సహా ఉంచండి. వీలైతే ట్రెయిలరు లాగేందుకు ఫ్రేముకు బిగించే అడ్డకమ్మీ కూడా వేయండి. లాగే పని లేకపోయినా అది ట్యాంకుకు వెనుక గోడలా పనికొస్తుంది. ముందు వైపు ట్యాంకుకూ డిఫరెన్షియల్‌కూ మధ్య దూరం కొలవాలి. బండి నేల మీద నిలిచి ఉన్నప్పటి దూరం కాదు, స్ప్రింగులు పూర్తిగా నొక్కుకొని ఇరుసు రబ్బరు ఆపుడుకు తగిలినప్పటి దూరం ముఖ్యం. బండి కిందకు దించినదైతే ఈ కొలత ఇంకా జాగ్రత్తగా తీయాలి. నేను కనీసం మూడంగుళాలు ఉండేలా చూస్తాను, మధ్యలో మందపాటి ప్లాస్టిక్ పలక ఒకటి బిగిస్తాను. పింటో మరమ్మతు నుంచి నేర్చుకున్న సంగతే ఇది.

ఏ ట్యాంకు కొనాలన్న దాని మీద ఎక్కువ చెప్పను. 1969 నుంచి 1972 వరకు వచ్చిన షెవర్లే బ్లేజరుకు ట్యాంకు వెనుక పట్టీల మధ్యే ఉండేది. దాని నమూనాలో కొత్త ఉక్కు ట్యాంకులు దొరుకుతాయి. మీ ఫ్రేముకు ఇమిడేలా బ్రాకెట్లతో సహా అమ్మే అల్యూమినియం ట్యాంకులూ ఉన్నాయి, లోపల పెట్రోలు ఒక పక్కకు ఒరగకుండా అడ్డగోడలు ఉన్నదే తీసుకోండి. పాత ఫోర్డు మస్టాంగు కారు ట్యాంకు చవక అని కొందరు చెబుతారు. అది కారు డిక్కీ నేలలో దిగేలా చేసినది, దాని అంచును పట్టుకునే చట్రం మీరే కట్టుకోవాలి. సెండరు గొడవ కూడా ఉంది, కింద చెబుతాను. వాడేసిన ట్యాంకు మాత్రం ఏదీ కొనకండి.

పాత ట్యాంకు దించడం ఈ పని మొత్తంలో ప్రమాదకరమైన ఘట్టం. ఖాళీ చేశాం కదా అని ధీమా పడేది ఇక్కడే. పెట్రోలు ద్రవం మండదు, దాని ఆవిరి మండుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు ఆవిరి కలిస్తే చాలు అంటుకోవడానికి. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ, ఖాళీ ట్యాంకు నిండా ఆవిరే. ఆటోనగర్‌లో నా చిన్నతనంలో పక్క షెడ్డు కుర్రవాడు ఖాళీ పీపాను గ్యాసు కట్టరుతో కోయబోయాడు. ముందురోజే కడిగి ఎండబెట్టిన పీపా అది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ అబ్బాయి బతికాడు, చూపు పోయింది. అందుకే పాత ట్యాంకుకు వెల్డింగు చేయించడం, దాన్ని కోసి చూడడం వంటివి నా దగ్గర జరగవు.

మీ ఇంట్లో ఇంకో సంగతి చూడండి. డాలస్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో గ్యాసు వాటర్ హీటరు గ్యారేజీలోనే ఉంటుంది, దానికి నిత్యం వెలిగే చిన్న దీపం ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేల వెంట పాకుతూ పోయి ఆ దీపాన్ని చేరుతుంది. కాబట్టి ఈ పని గ్యారేజీలో వద్దు. బండిని బయట వాకిట్లోకి తెచ్చి, బ్యాటరీ తీగ విప్పి, చేతి పంపుతో పెట్రోలును ఆమోదించిన డబ్బాల్లోకి తోడండి. డబ్బాలు నేల మీదే ఉండాలి. పాతకాలపు వేడెక్కే బల్బు దీపం వాడకండి. ద్రవాల మంటలకు పనికొచ్చే మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉంచుకోండి. ట్యాంకు బయటకు వచ్చాక చిల్లులన్నీ మూసి, మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఫోను చేసి ఎలా తీసుకుంటారో కనుక్కోండి.

బ్రాకెట్ల కోసం ఫ్రేముకు చిల్లులు వేసేటప్పుడు ఒక నియమం: పట్టీ నిలువు గోడలోనే డ్రిల్లు పెట్టాలి, పై అంచుకూ కింది అంచుకూ పెట్టకూడదు. బరువు మోసేది ఆ అంచులే. లారీ ఛాసిస్ మీద మా నాన్నగారు నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే, పికప్‌కైనా మార్పు లేదు. నిండు ట్యాంకులో పెట్రోలు బరువే 55 కిలోలకు పైగా ఉంటుంది. గుంటలో పడ్డప్పుడు ఆ బరువు కొన్ని రెట్లై లాగుతుంది. బాగా గట్టివైన గ్రేడు 8 బోల్టులు వాడండి. ట్యాంకును చుట్టి పట్టుకునే ఉక్కు పట్టీలకూ ట్యాంకుకూ మధ్య రబ్బరు పొర వేయండి, లేకపోతే పట్టీ ఆడి ఆడి ట్యాంకును కోస్తుంది.

ఇక పైపు. పాత ట్యాంకు ఇంజను పక్కనున్న పంపు కన్నా ఎత్తులో ఉండేది, పెట్రోలు తనంతట తానే కిందకు దిగేది. కొత్త ట్యాంకు నుంచి పంపు లాక్కోవాలి, అదీ పదడుగులకు పైగా దూరం నుంచి. ఇంతకాలం బాగానే ఉన్న పంపు ట్యాంకు మార్చాక హఠాత్తుగా చాలడం లేదనిపిస్తుంది. పంపు పొర ఎప్పుడో బలహీనపడి ఉంటుంది, ఎత్తులోని ట్యాంకు ఆ లోపాన్ని దాచింది. కాబట్టి పంపు కూడా అదే రోజు మార్చండి. పైపు మూడు ఎనిమిదో వంతుల అంగుళం ఉక్కుది లేదా రాగి నికెలు కలిసినది, ఫ్రేము పట్టీ లోపలి గోడ వెంట, సైలెన్సరు పైపుకు వీలైనంత దూరంగా తీసుకురండి. రబ్బరు గొట్టం రెండు చివర్లలో మాత్రమే, జానెడుకు మించకుండా. టెక్సస్ ఎండలో వేడి పైపు పక్కన పోయే పెట్రోలు దారిలోనే ఆవిరై ఇంజను ఆగిపోతుంది. కార్బురేటరుకు 30ఆర్7 అని అచ్చు వేసిన గొట్టం సరిపోతుంది. ముందుముందు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టే ఉద్దేశం ఉంటే ఇప్పుడే 30ఆర్9 గొట్టం వేసి, వెనక్కి తిరిగివచ్చే పైపు కూడా లాగి ఉంచుకోండి. కార్బురేటరు పంపు ఒత్తిడి చదరపు అంగుళానికి ఆరు పౌండ్ల దరిదాపు అయితే ఇంజెక్షన్‌ది యాభై ఎనిమిది దాకా ఉంటుంది. ఆ ఒత్తిడికి మామూలు గొట్టం చిట్లుతుంది.

అందరూ తేలిగ్గా తీసుకొని దెబ్బతినేది గాలి దారి దగ్గర. నేను మొదటిసారి మార్చిన 1968 బండి పాతిక మైళ్లు పోయాక హైవే మీద ఆగిపోయేది. పది నిమిషాలు ఆగితే మళ్లీ మామూలుగా నడిచేది. పంపు మార్చాను, ఫిల్టరు మార్చాను, కార్బురేటరు విప్పి కడిగాను. రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం దారి పక్కన ఆగినప్పుడు ఎందుకో పెట్రోలు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. తొట్టి బిగించేటప్పుడు గాలి గొట్టం ఒక బోల్టు కింద నలిగిపోయింది, మూత చూస్తే గాలి చొరనిది. పంపు లాగిన కొద్దీ ట్యాంకులో శూన్యం పెరిగి చివరకు పెట్రోలు రావడం మానేసేది. ట్యాంకు పైరేకు లోపలికి కుంగిపోయింది కూడా. ఇంజను ఇలా ఆగినప్పుడు మొదట మూత తిప్పి వినమని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

గాలికి రెండు వేర్వేరు పనులు ఉన్నాయని గుర్తుంటే సగం సమస్య తీరుతుంది. ఒకటి, బంకులో పెట్రోలు పోస్తున్నప్పుడు లోపలి గాలి బయటకు పోవాలి. దానికి పెట్రోలు గొట్టం పక్కనే మరో సన్నని గొట్టం ట్యాంకు పైభాగం నుంచి మూత దాకా రావాలి. అది లేకపోతే బంకు తుపాకీ ప్రతి అర గ్యాలనుకు టక్కుమని ఆగుతుంది. రెండు, బండి నడుస్తున్నప్పుడు వాడిన పెట్రోలు చోటులోకి గాలి రావాలి, నిలిచి ఉన్నప్పుడు ఆవిరి పోవాలి. దానికి ట్యాంకు నెత్తిన రోల్‌ఓవర్ వాల్వు పెట్టండి. బండి బోల్తా పడితే అది మూసుకుంటుంది. దాని గొట్టాన్ని మూత కన్నా ఎత్తుకు తీసుకుపోయి, అక్కడి నుంచి వంచి కిందకు దించాలి. మధ్యలో పల్లం ఉండకూడదు, పల్లంలో పెట్రోలు నిలిస్తే గొట్టం మూసుకున్నట్టే. మీ బండికి ముందు భాగంలో పెట్రోలు ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా మిగిలి ఉంటే ఈ గొట్టాన్ని దానికే కలపండి, వాసన అక్కడే ఆగుతుంది.

మెడ దాకా పెట్రోలు పోయకండి. భూమిలోని చల్లని ట్యాంకు నుంచి వచ్చిన 76 లీటర్ల పెట్రోలు మన ఎండలో వేడెక్కితే దాదాపు రెండు లీటర్లు పెరుగుతుంది. ఆ పెరిగినదానికి లోపల చోటు లేకపోతే బయటకు వస్తుంది.

పోసే మూత ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. తొట్టి నేలలో పెడితే బండి బయటి రేకు కోయనక్కరలేదు. మీది చెక్క నేల తొట్టి అయితే ఒక్క పలక కోస్తే చాలు, రేపు కావాలంటే కొత్త పలక వేసుకోవచ్చు. అసలు రూపం పోకూడదనుకునేవారికి నేను ఇదే చెబుతాను. తొట్టిలో మట్టీ ఇటుకలూ మోసేవారికి మాత్రం ఇది పనికిరాదు, వారు పక్క రేకులో పెట్టుకోవాలి. నంబరు పలక వెనుక మూత పెట్టడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ వెనుక నుంచి గుద్దితే ముందుగా చిరిగేది అదే, కాబట్టి వద్దు. ఎక్కడ పెట్టినా గొట్టం పొడవునా ట్యాంకు వైపు వాలు ఉండాలి, తొట్టి ఫ్రేము మీద కదిలినప్పుడు లాగకుండా కాస్త వదులు ఉండాలి.

పెట్రోలు మీటరు గురించి. సెండరు విద్యుత్ నిరోధాన్ని ఓముల్లో కొలుస్తారు; 1965 నుంచి షెవర్లే మీటర్లు ఖాళీకి సున్నా ఓములు, నిండుకు 90 ఓములు చదువుతాయి. ఆ కాలపు ఫోర్డు సెండరు దీనికి తలకిందులు, ఖాళీకి 73, నిండుకు 10 దరిదాపు. మస్టాంగు ట్యాంకును దాని సెండరుతో సహా బిగిస్తే నిండుగా ఉన్నప్పుడు మీ మీటరు ఖాళీ దగ్గర, ఖాళీ అయినప్పుడు ముప్పావు దగ్గర నిలుస్తుంది. 90 ఓముల సెండరే కొనండి. రబ్బరు పొరల మీద కూర్చున్న ట్యాంకుకు ఎర్తు అందదు, సెండరు నుంచి ఫ్రేముకు ప్రత్యేకంగా తీగ వేయాలి. ఎర్తు సరిగా లేకపోతే ఈ మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, నిండుగా ఉందనుకొని దారిలో ఆగిపోతారు.

2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత వాడకం బండ్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీ తీసేశారు. మీరు బిగించినది మరో మనిషి కంటితో చూసే అవకాశం ఇక లేదు. పైగా క్యాబులో ట్యాంకు ఉన్నప్పుడు ఒక్క చుక్క కారినా మీ ముక్కు పట్టేసేది, మీ ఆవిడ పట్టుకున్నారు కూడా. తొట్టి కింద కారితే గాలికి పోతుంది, మీకు తెలియదు. అందుకే మొదట రెండు గ్యాలన్లే పోసి, కింద శుభ్రమైన అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున అట్ట పొడిగా ఉంటే సగం నింపి ఊళ్లో తిరగండి. ఆ తర్వాత నిండా పోసి, బండి ముక్కు ఎత్తుగా ఉండేలా వాలులో ఒక రాత్రి, తోక ఎత్తుగా ఉండేలా ఇంకో రాత్రి నిలపండి. సెండరు వాషరు, గాలి గొట్టం బిగింపులు సరిగా లేకపోతే ఈ రెండు రాత్రుల్లో బయటపడతాయి. మొదటి వెయ్యి మైళ్లలో రెండుసార్లు కిందకు దూరి ట్యాంకును పట్టుకునే పట్టీల బోల్టులు బిగించండి, కొత్త రబ్బరు అణిగి అవి వదులవుతాయి. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు, నూనె మార్చే రోజున చూసుకుంటే సరిపోతుంది.

క్యాబు మూలన మిగిలే పాత రంధ్రాన్ని వెల్డింగుతో మూయించకండి. పాత మూతనే లోపలి నుంచి రబ్బరు వాషరు వేసి బిగించండి. వాన నీరు దిగదు, బండి చూడడానికి 1971లో ఉన్నట్టే ఉంటుంది. ఏదైనా కొనేముందు వెనుక ఫ్రేము పట్టీల మధ్య వెడల్పు, డిఫరెన్షియల్ నుంచి చివరి అడ్డకమ్మీ దాకా పొడవు, సైలెన్సరు పైపులు పోయే దారి కొలిచి రాయండి. ఏ ట్యాంకు ఇముడుతుందో చూసి చెబుతాను.